క్షమించిన తరువాత కంప

మార్కాపురం,
శనివారం సాయంత్రం.

అమ్మకు, నాయనకు, చెల్లి మేరీకి, మీ పెద్దపిల్ల రాహేలు వందనాలు చెప్పి రాసుకునేది. దేవుని దయవల్ల నేను బాగున్నాను. కడుపునిండా తింటున్నాను, కంటినిండా నిద్రపోతున్నాను. అమ్మా, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? యర్రగొండపాలెం ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు మింగుతున్నావా, లేక కాస్త తగ్గగానే మళ్ళీ పనికొస్తాయని డబ్బాలో దాచిపెట్టావా? నాయనా, దగ్గు తగ్గిందా? చూడి మేక ఈనిందా? ఈనితే ఎన్ని పిల్లలో, ఏ రంగువో మేరీ రాయాలి.

మేరీ, ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. నీకు సిగ్గనిపించిన ముక్కలు మింగేయొద్దు. ఉన్నది ఉన్నట్టు చదువు. నేను ఆగమన్నచోట ఆగు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అమ్మ అడుగుతుంది. మన ఊళ్ళో సిగ్నలు దొరికేది నీళ్ళ ట్యాంకు దగ్గరే. నాయన ఫోను స్పీకరులో పెడతాడు. నేను అన్నం తిన్నానంటే బిందెలతో నిలబడ్డవాళ్ళంతా "ఏం కూర రాహేలూ" అని అడుగుతారు. ఈ సంగతి ముందు మన ఇంట్లో వినాలి. తరువాత ఊరంతా వినొచ్చు, వినాలి కూడా.

అన్నిటికంటే ముందు ఒక మాట. అంతా మంచిగా ముగిసింది. నా ఉద్యోగం నాకుంది. అమ్మా, ఈ రెండు వాక్యాలూ ఇంకోసారి చదివించుకుని ఆ తరువాత కూర్చో.

నేను ఉండేది ఆడపిల్లల హాస్టలులో, గదికి నలుగురం. ఇక్కడి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాను నీళ్ళు తెప్పించుకుంటాం. ఎండ మన ఊళ్ళోనూ ఉంది గానీ అక్కడ సాయంత్రానికి అడవి గాలి వస్తుంది. ఇక్కడ పొద్దుగూకినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. హాస్టలులో వారానికి నాలుగు రోజులు సొరకాయ సాంబారే. అమ్మా, నీ జొన్నరొట్టె, రోట్లో నూరిన పచ్చిమిరపకాయల కారం తలుచుకుని ఆ సాంబారు మింగుతున్నాను. మొదటి ఆదివారం ఇక్కడి చర్చిలో మనం పాడుకునే పాటే పాడారు, రాగం మాత్రం వేరు. అంతమాత్రానికే ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ రాగం నాకూ వచ్చేసింది.

నేను పనిచేసేది పలకరాయి ఫ్యాక్టరీలో అని మీకు తెలుసు. నేను పలకలు చెక్కుతున్నానని ఊళ్ళో అంటున్నారట. అది కాదు. గోడలకు, నేలకు వేసే రాళ్ళు ఇక్కడ కోసి ఓడల మీద పరదేశాలకు పంపుతారు. కోసిన రాళ్ళు ప్యాకింగ్ షెడ్డుకు వస్తాయి. అక్కడ పాతిక ముప్పై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒక్కో రాయినీ చిన్న సుత్తితో తట్టి చూస్తారు. మంచిరాయి ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. మంచివి చెక్కపెట్టెల్లోకి పోతాయి. ఏ పెట్టెలో ఏ రాయి పెట్టారో నేను కంప్యూటరులో ఎక్కిస్తాను. షెడ్డు మూలన నాకొక బల్ల ఉంది. పొద్దస్తమానం ఖంగు ఖంగు. మొదట తలనొప్పి వచ్చేది, ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే తోచదు.

ఆ వరసలో మొదట కూర్చునేది దీవెనమ్మత్త. తర్లుపాడు వైపు మనిషి, మనలాంటి సంఘమే. యాభై దాటాయి. నేను చేరిన రోజే "ఎవరి పిల్లవమ్మా, తిన్నావా" అని తన పప్పు గిన్నె నా వైపు జరిపింది. అప్పటినుంచి నాకు అత్త.

ఆ షెడ్డుకు ఒక మేస్త్రి ఉండేవాడు. ఉండేవాడు అని రాశానమ్మా, గమనించు.

ఎవరు ఏ పని చేయాలి, సాయంత్రం అదనపు పనికి ఎవరుండాలి, అన్నీ అతని నోటిమాట మీదే నడిచేవి. అందరూ అన్నా అని పిలిచేవాళ్ళు. రాయి చూస్తున్నట్టు వంగి భుజం మీద చెయ్యి వేసేవాడు. చీర గురించి, ఒంటి గురించి మాటలనేవాడు. ఎవరైనా విదిలించుకుంటే "అన్ననే గదా, ఏంది అంత ఉలికిపాటు" అనేవాడు. విదిలించుకున్నవాళ్ళకు మరునాడు పెద్దరాళ్ళు మోసే పని పడేది. నా బల్ల దగ్గరికి వచ్చి "డిగ్రీ పాపా, నంబరు ఇయ్యరాదూ, రాత్రికి మాట్లాడుకుందాం" అనేవాడు. నేను బల్లను గోడవైపు తిప్పుకున్నాను. చున్నీకి పిన్నులు ఎక్కువ పెట్టుకున్నాను. నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. మేరీ, ఈ మాట నీకోసం రాస్తున్నాను: తప్పు నాది కాదు. అది తెలియడానికి నాకు నెల పట్టింది. నీకు అంత పట్టకూడదు.

ఒకరోజు మధ్యాహ్నం పెట్టెల నంబర్లు చూడటానికి వెనక వరసలోకి వెళ్ళాను. పెట్టెల మధ్య దారి ఒక మనిషి పట్టేంతే ఉంటుంది. అతను అటువైపు నుంచి వచ్చి దారికి అడ్డం నిలబడి నా మణికట్టు పట్టుకున్నాడు. నేను అరవలేకపోయాను. చెరువుగట్టు మీద నుంచి కూడా నా గొంతు వినబడుతుందని అమ్మ తిట్టేది కదా, ఆ గొంతు ఆ రోజు పెగల్లేదు. ఇంతలో దీవెనమ్మత్త చేతిలో సుత్తితో వచ్చింది.

"ఏంది మేస్త్రీ, ఈ సందులో ఏం పోగొట్టుకున్నావు? నన్ను గూడా ఎతకమంటావా?" అన్నది.

అతను చెయ్యి వదిలి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మేరీ, ఇక్కడ ఆగు. నాయనకు మంచినీళ్ళివ్వు.

నాయనా, నన్ను బస్సెక్కించేటప్పుడు నువ్వన్న మాట నాకు గుర్తుంది. "ఏదన్నా తేడా వస్తే ఆ పూటే బస్సెక్కి వచ్చేయ్. ఉజ్జోగం యాడికీ పోదు" అన్నావు. ఆ రోజు నేను హాస్టలుకు కూడా వెళ్ళకుండా నేరుగా బస్టాండుకు వెళ్ళి యర్రగొండపాలెం బస్సులో కూర్చున్నాను. కిటికీ పక్క సీటే దొరికింది. వస్తే అమ్మ నా ముఖం చూసి పట్టేస్తుంది. నువ్వు మళ్ళీ పంపవు. మేరీని కాలేజీకి పంపే మాట ఇక ఇంట్లో ఎవరూ ఎత్తరు. నా చదువు చూసి తమ పిల్లల్ని బడి మాన్పించకుండా ఆగిన ఇళ్ళు మన వీధిలో ఉన్నాయి, వాళ్ళూ ఆగరు. అవన్నీ ఒక ఎత్తు. నా బల్ల దగ్గర సోమవారం ఇంకో పిల్ల వచ్చి కూర్చుంటుంది కదా, ఆమెకు ఎవరు చెబుతారు అనిపించింది. కండక్టరు టికెట్టు అడిగేలోపు దిగిపోయాను. దిగినందుకు కోపగించుకోవద్దు నాయనా.

మరునాడు ఆఫీసు గోడకున్న బోర్డు చదివాను. ఎప్పుడో పరదేశం కొనుగోలుదారులు చూడటానికి వచ్చినప్పుడు అంటించిన కాగితం అది. ఆడవాళ్ళను పనిచోట వేధిస్తే ఫిర్యాదు తీసుకోవడానికి కమిటీ ఉందని, అధ్యక్షురాలు రమణమ్మ మేడం అని ఉంది. ఆమె మా అకౌంట్స్ చూస్తారు. ఇక్కడి బట్టల దుకాణం వాళ్ళ కోడలు. నేను ఆమె ముందు నిలబడి, "మేడం, మీ కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి" అన్నాను.

"నా కమిటీ ఏందమ్మా? మా వీధి వినాయకచవితి కమిటీనా?"

బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని తన పేరు తనే రెండుసార్లు చదువుకున్నారు. "అధ్యక్షురాలినా! ఒక్కరన్నా నాతో చెప్పినారా? ఈ బోర్డు కింద్నే గదా రోజూ టీ తాగేది!" అని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి, "సరే, పేరు రాసినాక పని చేయాల గదా. చెప్పు" అన్నారు. కమిటీలో బయటి మనిషి ఒకరుండాలట. ఆ పేరు ఇక్కడి ఒక లాయరమ్మది. ఆమెకు ఫోను చేస్తే ఫిర్యాదు కాగితం మీద ఉండాలని, రాయలేనివాళ్ళకు రాసిపెట్టడం కమిటీ బాధ్యతేనని చెప్పారు.

నా ఫిర్యాదు నేను రాసుకున్నాను. భోజనాల వేళ చెబితే మరో ముగ్గురు ముందుకొచ్చారు. మొదట వచ్చింది దీవెనమ్మత్తే. "నాది రాయి. పదేళ్ళ సంగతి, కాగితాలు చాలకపోతాయేమో చూసుకో" అన్నది. రమణమ్మ మేడం పక్కన కూర్చోగా వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నేనే రాశాను. చివర చదివి వినిపించి వేలిముద్రలు వేయించాము.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను.

విచారణ రోజు వచ్చేసరికి వాళ్ళు జంకారు. "ఆఫీసరమ్మల ముందర ఏమని చెప్పేది? మాకు అట్ల మాట్లాడనీకి రాదు" అన్నారు. నాకు ఒక ఉపాయం తోచింది. "అత్తా, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతావు కదా. అట్లే అనుకో" అన్నాను. అత్త ముఖం వెలిగిపోయింది. సాక్ష్యమైతే ఆమెకు భయం లేదు. మిగతా ఇద్దరికీ అంతే.

లాయరమ్మకు ఆ రోజు గిద్దలూరు కోర్టులో పని పడింది. రమణమ్మ మేడం, మిగతా సభ్యులు కూర్చున్నారు. దీవెనమ్మత్త కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. ముందు దేవునికి వందనాలు చెప్పింది. తరువాత మొదలుపెట్టింది. ఏ రోజు ఎక్కడ చెయ్యి వేశాడు, ఏమన్నాడు, విదిలించుకున్నందుకు ఎన్నాళ్ళు పెద్దరాళ్ళు మోయించాడు, ఒక్కటీ వదల్లేదు. మేస్త్రి నేల చూపులు చూశాడు. ఇక గెలిచామనుకున్నాను.

అమ్మా, సాక్ష్యం ఎలా ముగిస్తారో నీకు తెలుసు కదా. నాకూ తెలుసు. అప్పుడు తోచలేదు.

అత్త కళ్ళు మూసుకుని, "ఇన్నాళ్ళు నా మనసు బరువుగా ఉండె. ఇయ్యాల ఆయన్ను నిండుమనసుతో క్షమించినాను" అన్నది. మా వాళ్ళంతా ఆమేన్ అన్నారు. పాపం రమణమ్మ మేడం కూడా ఆ ఊపులో ఆమేన్ అనేశారు. తరువాతి ఇద్దరూ అలాగే చెప్పి అలాగే ముగించారు. మేస్త్రి చటుక్కున లేచి అత్త కాళ్ళకు దండం పెట్టాడు. మేడం కళ్ళు తుడుచుకుని, "నలుగురిలో ముగ్గురు క్షమించినారు. ఇంకేముంది, రాజీ అయిపోయినట్టే గదా" అని కాగితం మీద రాసేశారు. నాదొక్కటే మిగిలింది. నేను అందరి వెనకే బయటికొచ్చేశాను.

మరునాడు మేస్త్రి షెడ్డులో మైసూర్‌పాక్ పంచాడు. నా బల్ల మీద ఒక ముక్క పెట్టి, "తీసుకో డిగ్రీ పాపా, క్షమాపణ తీపి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ కొత్తగా చేరిన అమ్మాయి భుజం మీద చెయ్యి ఆనించాడు. ఆమె ముందున్న రాయి చూడటానికి వంగాడట, ఆ రాయి మంచిదేనట.

ఆ మధ్యాహ్నం రేకుల నీడలో దీవెనమ్మత్తతో గట్టిగా మాట్లాడాను.

"అత్తా, చూశావా? మళ్ళీ మొదలైంది."

"చూసినా."

"మళ్ళీ కమిటీ ముందుకు వెళ్దాం."

"ఎట్ల పోయేదమ్మా? క్షమించినానని దేవుని పేరు పెట్టి అంటిని. ఇప్పుడు కాదంటే అబద్ధం అయితది. నా నోటితో నేనే కట్టుకున్న ముడి" అని అన్నం గిన్నె మూతపెట్టేసింది.

ఆమె తినే అన్నం నేనే మాన్పించినట్టయింది. సాక్ష్యం చెప్పమన్నది నేనే కదా. ఆ బాధలో ఉండగా నువ్వు గుర్తొచ్చావు నాయనా.

పెద్దయాకోబు మామ బర్రెలు మన కంది చేలో పడిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మూడోసారి పడినప్పుడు మామ చర్చిలో తప్పు ఒప్పుకున్నాడు. నువ్వు లేచి, క్షమించానని చెప్పి, వాటేసుకున్నావు. అమ్మ ఇంటికొచ్చి నిన్ను ఎన్ని మాటలందో కూడా నాకు గుర్తుంది. మరునాడు తెల్లవారుతూనే నువ్వు గొడ్డలి తీసుకెళ్ళి ముళ్ళకంప నరికి చేను చుట్టూ వేస్తున్నావు. నేను నీళ్ళచెంబు పట్టుకుని గట్టు మీదున్నాను. మామ వచ్చి నిలబడ్డాడు.

"ఏంది యోహానూ, నిన్న క్షమించినానంటివి. ఇయ్యాల కంప వేస్తుండావే?"

నువ్వు తల కూడా ఎత్తలేదు. "క్షమించింది నిన్ను గదా బావా. బర్రెలకు దారి తెలుసు" అన్నావు.

ఇది నేను ఉన్నదున్నట్టు అత్తకు చెప్పాను. ఆమె భుజాలు ఊగేలా నవ్వింది. అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "మీ నాయన ఏం చదివినాడమ్మా?" అని అడిగింది. ఏమీ చదవలేదన్నాను. "బలే మనిషి. రాయి కాగితం. నేను క్షమించినాను, ఆ మాట అట్లే ఉండనీ. కింద కంప సంగతి రాయి" అని మూత తీసి అన్నం తిన్నది.

కమిటీ రెండోసారి కూర్చున్నప్పుడు లాయరమ్మ వచ్చారు. రాసిన రాజీ కాగితం చూసి, రాజీ కావాలని ఫిర్యాదు చేసిన ఆడమనిషి తనంతట తాను అడిగితేనే ఆ మాట ఎత్తాలని, వీళ్ళెవరూ అలా అడగలేదని, విచారణ మొదటినుంచి జరగాలని చెప్పారు. రమణమ్మ మేడం లెంపలు వేసుకున్నంత పని చేసి, "నాదే పొరపాటు. ఏడుపొచ్చి రాసేసినా" అన్నారు. ఈసారి ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగారు. మేస్త్రి చెప్పుకునేదీ విన్నారు. "అందరినీ చెల్లెళ్ళ మాదిరే చూసినా" అన్నాడట. కొత్తమ్మాయి కూడా ధైర్యం చేసి తనకు జరిగింది చెప్పింది.

నా వంతు వచ్చినప్పుడు నేను ఆ సందులో జరిగింది చెప్పాను. ఈసారి గొంతు పెగిలింది నాయనా. గది బయట ఉన్నవాళ్ళకు కూడా వినబడిందట.

"మీకేం కావాలమ్మా?" అని లాయరమ్మ అడిగినప్పుడు దీవెనమ్మత్త ఇలా అన్నదని మేడం తరువాత అందరికీ చెప్పారు: "నేను ఆయన్ను క్షమించినానమ్మా, మాట తప్పను. ఆయన పిల్లలు సల్లగుండాల. కానీ నాకు కంప కావాల. ఆయన ఈ షెడ్డులోకి రాగూడదు. పెట్టెల నడుమ దారి ఇద్దరు పట్టేట్టు ఉండాల. అదనపు పని ఎవురిదో గోడకు రాసి పెట్టాల, ఒకరి నోట్లో ఉండగూడదు."

కమిటీ అదంతా రాసి, తప్పు రుజువైందని ఓనరుకు ఇచ్చింది. ఓనరు చెడ్డవాడు కాదు గానీ నాన్చాడు. పాత మనిషి, లోడింగు వాళ్ళంతా అతని మాట వింటారు, చూద్దాం అన్నాడు. వారం చూశాం. సోమవారం పొద్దున మా వాళ్ళంతా వచ్చి వరసలో ఎప్పటిలాగే కూర్చున్నారు. సుత్తులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్కరూ కొట్టలేదు. అరుపులు లేవు, జెండాలు లేవు. షెడ్డులో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. నేను కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. చప్పుడు ఆగిందని ఓనరే గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏందమ్మా, ఏమైంది? కరెంటు పోయిందా?"

"సుత్తికి కరెంటు ఎందుకు సామీ" అన్నది దీవెనమ్మత్త. "కంప కోసం చూస్తున్నాం."

రమణమ్మ మేడం కమిటీ కాగితం పట్టుకుని ఆయన వెనకే వచ్చి, "నేను అధ్యక్షురాలిని. నా సంతకం కింద మీ సంతకం కావాల" అన్నారు. అమ్మా, బోర్డు కింద స్టూలు మీద కూలబడిన ఆమేనా ఈమె అనిపించింది. భోజనాల గంటలోపే మేస్త్రిని పనిలోంచి తీసేసినట్టు కాగితం బోర్డుకు ఎక్కింది. చదువు రానివాళ్ళ కోసం నేను దాన్ని గట్టిగా చదివాను. చివరి మాట అయ్యేసరికి షెడ్డంతా సుత్తులు ఒక్కసారిగా లేచాయి. ఖంగు ఖంగు ఖంగు! చర్చి గంట కూడా అంత బాగా మోగదు. దేవుడు నన్ను క్షమించాలి.

ఇప్పుడు పెట్టెల మధ్య దారి ఇద్దరు పట్టేంత ఉంది. అదనపు పని ఎవరిదో గోడకు అంటిస్తున్నాం. నెలకోసారి రమణమ్మ మేడం షెడ్డుకు వచ్చి, ఏది చేయకూడదో, జరిగితే ఎవరికి చెప్పాలో మగవాళ్ళనూ ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి చెబుతున్నారు. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే ఆ బోర్డు చదివి వినిపించడం నా పని. ఇంకొకటి చెప్పలేదు. షెడ్డుకు కొత్త మేస్త్రి వచ్చారు. దీవెనమ్మత్తే! లోడింగు వాళ్ళు మొదటి రోజు "అత్తా" అన్నారు, రెండో రోజు "మేస్త్రమ్మా" అన్నారు. ఆమె రెండింటికీ పలుకుతుంది.

మేరీ, కాలేజీ దరఖాస్తుకు కావలసిన కాగితాలన్నీ తెచ్చిపెట్టుకో. నాయన కాదనడు, ముఖం చూడు, తెలుస్తుంది. అమ్మా, గోంగూర పచ్చడి కొంచెం ఎక్కువే పెట్టు, ఇక్కడ తినేవాళ్ళు నలుగురున్నారు. నీ పాత నూలుచీర ఒకటి పంపు, రాతి దుమ్ముకు ముక్కుకు కట్టుకోవడానికి మెత్తగా ఉంటుంది. పాస్టరు అయ్యగారికి, అవ్వకు, పెద్దయాకోబు మామకు నా వందనాలు చెప్పండి. మామకు ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించండి, ఆయన బర్రెలకు కూడా ఇందులో భాగముంది. మీ ప్రార్థనల్లో నన్ను, మా షెడ్డు వాళ్ళను మరవకండి. నా తలమీద మీ చేతులుంటే చాలు.

వచ్చే నెల మొదటి ఆదివారానికి సెలవు రాయించుకున్నాను. దీవెనమ్మత్త కూడా నాతో వస్తోంది. చర్చి అయ్యాక కంది చేనుకు తీసుకెళ్ళాలట, నువ్వు వేసిన కంప చూడాలట. అది ఇంకా ఉందా నాయనా? చెదలు తినేసి ఉంటే, మేము వచ్చేలోపు నాలుగు కొమ్మలు నరికి వేసిపెట్టు.

మీ పెద్దపిల్ల
రాహేలు